తెలిసినట్టు కనిపించే మాటలు: మేనత్త ఉత్తరం

పర్లాకిమిడి

చిట్టితల్లికి మీ అత్త దీవెనలు.

తెలుగులోనూ ఒడియాలోనూ ఒకేలా కనిపించే మాటలతో పుస్తకం వేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ కబురు నువ్వే చెప్పాల్సింది. సరేలే, తీరిక లేదంటావు. మీ మావయ్యకు చెబితే ముందు పొంగిపోయారు, ఆ వెంటనే మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. అది ఎందుకో నీకు తెలియాలి.

మాటలు అకారాదిగా పేర్చడం, రాసింది రెండు చోట్ల దాచుకోవడం నీకు చెప్పక్కర్లేదు. తెలియని మాటతోనూ భయం లేదు, ఎవరినో ఒకరిని అడుగుతావు. తెలిసినట్టు కనిపించే మాటతోనే నా టెన్షనంతా.

మా పెళ్ళైన కొత్తలో మీ మావయ్య ఒక ఆఫీసుకు ఒడియా కరపత్రం తెలుగు చేసి ఇచ్చారు. ఒడియాలో 'బ్యబసాయ' అంటే వ్యాపారం. ఈయన అది మన వ్యవసాయమే కదా అనుకుని, సేద్యానికి అప్పులిస్తామని రాసేశారు. డిగ్రీ చదివిన మనిషి! ఆ కాగితం కాశీనగరం వైపు ఊళ్ళకు వెళ్ళింది. నాట్ల రోజుల్లో పని మానుకుని, పట్టాలు సంచుల్లో పెట్టుకుని రైతులు దిగారు. ఇది మీకు కాదు, కొట్లు పెట్టుకునేవాళ్ళకు అని పంపేశారు. ఒక ముసలాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కరపత్రం ఈయన చేతిలో పెట్టి, "నువ్వే రాశావట కదా బాబూ, ఓసారి చదివి వినిపించు" అన్నాడు. చదవడానికి ఈయనకు నోరు పెగల్లేదు. ఆఫీసువాళ్ళేమో తప్పంతా ఈయన మీదకు తోసేశారు. అచ్చుకిచ్చే ముందు రెండు భాషలూ వచ్చినవాళ్ళకు చూపించొద్దూ? నాకు ఇప్పటికీ మంటే. ఆ తర్వాత ఆయన ఎవరికీ ఏదీ తెలుగు చేసి ఇవ్వలేదు, నేను పోరినా సరే.

కానీ ఆ మాటను మాత్రం వదల్లేదు. సంస్కృతంలో వ్యవసాయమంటే పట్టుదల, నిశ్చయం. గీత రెండో అధ్యాయంలో 'వ్యవసాయాత్మికా బుద్ధిః' అన్నచోట పొలమూ లేదు, దుకాణమూ లేదు. కృషి అంటే అసలు దున్నడం. ఒడియావాళ్ళు దాన్ని అలాగే ఉంచుకున్నారు, వాళ్ళ కృషి సేద్యమే. మనం కృషిని ప్రయత్నం చేసుకుని, ప్రయత్నాన్ని సేద్యం చేసుకున్నాం! కృషీవలుడు అన్నప్పుడు మాత్రం మనకూ పాత అర్థమే మిగిలింది. ఇది కనిపెట్టిన రోజు మీ మావయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అందుకని, పుట్టుక ఒకటే కదా అని అర్థం రాసెయ్యకు. వాళ్ళ శిక్షా చదువు, మన శిక్ష దండన. మన శిక్షణలో చదువు ఇంకా ఉంది. వాళ్ళ ఉపన్యాసం నవల. పుట్టుకే వేరైనవి విడిగా పెట్టు. వాళ్ళు పాణి అడిగితే నీళ్ళివ్వాలి, అది పానీయం అరిగి వచ్చిన మాట. చక్రపాణిలోని పాణి చెయ్యి, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ప్రతి మాటకూ జనం నోట విన్న వాక్యం ఒకటి ఉండాలి. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. ఆయన సవర నిఘంటువు వచ్చింది 1938లో. నువ్వూ సంతల్లో తిరుగు. ముఖ్యంగా మందుల చీటీలు, భూమి కాగితాలు, బ్యాంకు ఫారాల్లో వచ్చే మాటలు ముందు చూడు, కవిత్వం మాటలు తర్వాత చూసుకోవచ్చు. ఎండలో తిరిగి జ్వరం తెచ్చుకున్నావో, ఊరుకోను.

'రాగం' దగ్గర మీ నాన్న మాట వినకు. ఒడియాలో రాగ అంటే కోపం, అది వేరే మాట అని వాడి వాదన. కాదమ్మా, రంగు, ఎరుపు అన్న పాత అర్థం నుంచే అటు వాళ్ళ కోపమూ ఇటు మన అనురాగమూ వచ్చాయి. 'ర' పేజీలు అచ్చుకు వెళ్ళే ముందు నాకు పంపు. 'వ' పేజీలు మీ మావయ్యకు. ఫోన్‌లో కాదు, కాగితం మీద పంపు. ఎర్ర పెన్ను కొనమని నిన్ననే నాతో అన్నారు.

మీ అత్త