ముందు వాననీటి దారి పట్టు

అమ్మాయీ,

ముంబైలోని భావు దాజీ లాడ్ మ్యూజియం విస్తరణ గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మంచి భాష ఉంది, ఉత్సాహం ఉంది. కానీ చివరిదాకా చదివినా ఆ ఆవరణలో పడిన వాన ఎటు పోతుందో నాకు తెలియలేదు. ‘వెలుగునీడల కవిత్వం’ మాత్రం రెండుసార్లు తగిలింది. వాతావరణం, నీళ్ళు, స్థానిక సంప్రదాయం కలిసి తీర్చిన కట్టడమని నువ్వే అన్నావు కదా. ఆ మూడింట్లో నీళ్ళను పట్టుకో. మిగతా రెండూ దాని వెనకే వస్తాయి.

కథ నీకు తెలిసిందే. 1872లో తెరిచిన పాత మ్యూజియానికి ఉత్తరం వైపు కొత్త భాగం కోసం అంతర్జాతీయ పోటీ పెడితే, 2014లో అమెరికన్ ఆర్కిటెక్ట్ స్టీవెన్ హాల్ గెలిచాడు. తెల్ల కాంక్రీటు, లోతైన కోతల గుండా గదుల్లోకి దిగే వెలుతురు, మెట్ల బావిని తలపించే అమరిక, వాననీరు చేరే కొలను, ఆ నీటి అడుగున సోలార్ పలకలు. మ్యూజియానికి కావలసిన కరెంటులో 60 శాతం ఆ పలకలే ఇస్తాయని ప్రతిపాదన. అది ప్రతిపాదన అన్న సంగతి మరిచిపోయి నువ్వు ‘కొలను గదులను చల్లబరుస్తోంది’ అని రాసేశావు. నువ్వు చూసింది బొమ్మల్ని. కట్టని గోడ గురించి రాసేటప్పుడు క్రియాపదం దగ్గర జాగ్రత్త పడాలి. లేకపోతే ఆర్కిటెక్ట్ ఆశను నువ్వు వార్తగా అచ్చేసినట్టే.

ఇక వాన. ముంబైలో ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్ల పైచిలుకు కురిస్తే, దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. 2005 జూలై 26న ఆ ఊళ్ళోనే శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మి.మీ. కురిసింది. పైగా మ్యూజియం ఉన్న బైకుల్లా పరిసరాల్లో చాలా నేల ఒకప్పుడు దీవుల మధ్య పోటు నీళ్ళు ఎక్కే పల్లం. అలాంటిచోట కొలను నిండితే పొర్లే నీళ్ళు ఎటు వెళ్ళాలి? సముద్రం పోటు మీదున్నప్పుడు ఊరి కాలువలు నీళ్ళు దించుకోలేవు, అప్పుడేం చేస్తారు? మే నెలలో కొలను అడుగంటితే ఏ నీళ్ళు తెచ్చి నింపుతారు? నాలుగు నెలలు మబ్బు పట్టి ఉంటే పలకలు ఎంత కరెంటిస్తాయి? వీటికి జవాబులు వెతికితే వ్యాసం దానంతటదే నడుస్తుంది.

లోపల ఏముందో కూడా చూడు. ఆ మ్యూజియంలో మట్టి బొమ్మలు, పాత పటాలు, లిథోగ్రాఫులు (రాతి అచ్చు బొమ్మలు), ఫొటోలు ఉన్నాయి. కాగితానికి వెలుతురూ చేటే, తేమా చేటే. అందుకే ఇలాంటి వస్తువుల మీద 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వకూడదని మ్యూజియంల వాళ్ళు పాటిస్తారు. తేమ 65 శాతం దాటి నిలిచిందంటే బూజు మొదలవుతుంది. ముంబై వానాకాలంలో గాలిలో తేమ 80 దాటడం మామూలే. నువ్వు కవిత్వమన్న ఆ కోతలు ఎండను కొలిచి లోపలికి వదలడానికి పెట్టినవి. పటం రంగు వెలవకుండా కాపాడే పని కవిత్వానికేమీ తీసిపోదు, ఆ పనినే వర్ణించు. పక్కనే కొలను పెట్టుకుని కాగితాన్ని పొడిగా ఎలా ఉంచుతారన్నదే నాకు ఈ డిజైన్‌లో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది.

సంప్రదాయం దగ్గర కాస్త తొందరపడ్డావు. మెట్ల బావి గొప్పగా ఎదిగింది గుజరాత్, రాజస్థాన్ ఎండ నేలల్లో. వేసవిలో నీళ్ళు ఎంత లోతుకు పోతే మనిషి అంత లోతుకు దిగి ముంచుకోవాలి, అందుకే ఆ మెట్లు. నీళ్ళు దొరకనిచోట ఎదిగిన రూపాన్ని నీళ్ళు ముంచెత్తేచోటికి తెచ్చారు. తప్పని అనను, కానీ ఆ ప్రశ్న అడగకుండా ‘స్థానికం’ అనకు. ముంబైకి తనదైన మెట్ల కోనేరు ఉంది, వాల్కేశ్వర్ దగ్గరి బాణగంగ. అది చూడు. వెళ్ళేముందు సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావి కూడా చూడు. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్త, పూడిక తీసి 2022 డిసెంబరులో తెరిచారు. మెట్టు నీ మోకాలికి ఎంత వస్తోంది, ఎన్నో మెట్టు దగ్గర గాలి చల్లబడింది, రాసుకో. రాయి విషయమూ అంతే. ప్రతిపాదనలో ఉన్నది ఆగ్రా రాయి. ఆగ్రా నుంచి ముంబైకి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ముంబై కాళ్ళ కింద ఉన్నది నల్ల బసాల్ట్ రాయి, పాత భవనాలకు వాడింది మలాడ్ రాయి.

మన పాఠకుడికి దగ్గరైన సంగతి ఒకటి వదిలేశావు. మ్యూజియానికి దగ్గర్లోనే కామాఠీపురా. నిజాం ఇలాకా నుంచి వలస వెళ్ళి కట్టుబడి పనుల్లో చేరిన కామాఠీలనే తెలుగు కూలీల వల్ల వచ్చిన పేరది. ఆ ఊరి కట్టడాల సంప్రదాయంలో వాళ్ళ చేతులకూ వాటా ఉంది. అలాగని మ్యూజియం కట్టింది వాళ్ళేనని ఊహించి రాయకు, దాఖలా దొరికితేనే రాయి.

మొదటి పేజీ తీసెయ్, వానతో మొదలుపెట్టు. ముంబై వెళ్ళినప్పుడు డైరెక్టర్లతో పాటు గదులు తుడిచేవాళ్ళనీ, బీరువాలు తెరిచేవాళ్ళనీ అడుగు. బూజు ముందు ఎక్కడ పడుతుందో వాళ్ళకే తెలుస్తుంది. గడువు నెలాఖరన్నావు, పత్రికవాళ్ళను ఇంకో పది రోజులు అడగడానికి మొహమాటపడకు.

ఆశీస్సులతో.