థ్రాటిల్ బిగుసుకుపోతే మిక్స్చర్‌తో పవర్ తగ్గించుకుంట దిగొచ్చా?

సెస్నా 172 అనే చిన్న ఒంటి ఇంజిన్ విమానంల థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే నాబ్) 2,300 ఆర్‌పీఎం దగ్గర ఆగిపోతే మిక్స్చర్ (గాలిల కలిసే పెట్రోల్ పాలు మార్చే నాబ్) కొంచెం కొంచెం గుంజుకుంట మామూలు అప్రోచ్ (దిగేందుకు రన్‌వే దిక్కు వచ్చుడు) చెయ్యొచ్చా అని మీ ప్రశ్న. చెయ్యొద్దు. మిక్స్చర్ గుంజితే పవర్ వరుసగ తగ్గదు. కొంతదూరం ఏం కాదు, తర్వాత ఇంజిన్ దడదడలాడుతది, ఇంకొంచెం గుంజితే ఆగిపోతది. ఆ గీత ఎక్కడుందో ఫైనల్ల (రన్‌వేకు సూటిగ దిగే చివరి దారిల) 300 అడుగుల మీద వెతుక్కునుడు మంచిది కాదు.

ముందుగాల థ్రాటిల్ నాబ్ కింద ఫ్రిక్షన్ లాక్ (నాబ్ జరగకుంట పట్టి ఉంచే రింగు) వదులు చేసి చూడండి. చానాసార్లు రోగం అదే. నాబ్ ఏ పట్టూ లేకుంట ముందుకూ ఎనకకూ వస్తున్నదంటే కేబుల్ తెగిందో, ఇంజిన్ దగ్గర లింకేజ్ ఊడిందో. జోరుగ గుంజొద్దు, ఉన్న పవర్ కూడా పోవచ్చు.

పవర్ ఉన్నంతసేపు తొందర లేదు. టవర్‌కు చెప్పి, ఎత్తు పెంచుకుంట రన్‌వే మీదికి రండి. మే నెల ఎండల క్లైంబ్ నీరసంగ ఉంటది, ఆయిల్ టెంపరేచర్ మీద కన్నుంచండి. రన్‌వే నడిమిట్ల నేల నుంచి 2,500 అడుగుల మీద మిక్స్చర్ పూర్తిగ గుంజి ఇంజిన్ ఆపి గ్లైడ్‌కు రండి: ఎస్ మోడల్‌కు 68 నాట్లు, పాత ఎన్ మోడల్‌కు 65. మూడు నిమిషాల పైచిలుకు చేతుల ఉంటది. టచ్‌డౌన్ పాయింట్‌కు ఎదురుగ డౌన్‌విండ్ల (రన్‌వే పక్కన, దిగే దిశకు ఉల్టా పోయే దారిల) 1,200 నుంచి 1,500 అడుగులుండాలె. గురి రన్‌వే మొదటి మూడోవంతు చివర పెట్టండి, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల ఎనక దించే పలకలు) రన్‌వే అందుతదని తేలినంకనే. ఎత్తు మిగిలితే స్లిప్ (విమానాన్ని పక్కకు వంచి ఎత్తు తొందరగ పోగొట్టుడు) ఉండనే ఉంది.

మ్యాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేటివి), ఫ్యూయల్ నేల మీదికి వచ్చేదాక ఆన్‌లనే ఉంచుతరు. ప్రొపెల్లర్ గాలికి తిరుగుతున్నంతసేపు మిక్స్చర్ లోపలికి తోస్తే పాత పవర్ మళ్లొస్తది, రన్‌వే అందకపోతే అదే దిక్కు. ట్యాంకుల నుంచి పెట్రోల్ ఆపే ఫ్యూయల్ సెలెక్టర్‌తోని ఆపుదామనుకోవద్దు. పైపుల, పాత మోడల్‌కైతే కార్బురేటర్ గిన్నెల కూడా, మిగిలిన పెట్రోల్‌తో ఇంజిన్ ఇంకొంతసేపు నడుస్తది, ఎప్పుడాగుతదో లెక్క తేలదు. మ్యాగ్నెటో ఆపి మళ్లీ వేస్తే కాలని పెట్రోల్ సైలెన్సర్ల పేలుతది.

థ్రాటిల్ ఐడిల్ల (అతి తక్కువ పవర్ మీద) బిగుసుకుంటే వేరే కథ, అది ఫోర్స్‌డ్ ల్యాండింగే, దొరికిన చోట దిగుడే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాట్లేసిన మళ్లు పైనుంచి నున్నగ కనిపిస్తయి గని బురదల ముందు చక్రం దిగి విమానం బోర్లపడుతది. దేవరకొండ దిక్కు ఎండు చెలకలు నయం, కాని గుండ్లు చూసుకోవాలె. సాగర్ పవర్‌హౌస్ నుంచి వచ్చే హైటెన్షన్ తీగలు కండ్లకు ఆనవు, టవర్ల వరుస పట్టుకోండి.

రన్-అప్ (ఎగరకముందు నేల మీద ఇంజిన్ పరీక్ష) అయినంక థ్రాటిల్ పూర్తిగ మూసి ఐడిల్ చూసుడు స్టూడెంట్లు ఎగ్గొడతరు. 600, 700 ఆర్‌పీఎం మధ్య నిలవాలె. నాబ్ నిన్నటికంటె బరువుగ కదిలినా, మధ్యల తట్టుకున్నా స్నాగ్ (విమానంల లోపం) రాయండి. "జర టైట్‌గుంది సార్" అని నోటితో చెప్పి ఎగిరిపోవద్దు.