శనాదివారాలు గదిలో కూర్చోకు తమ్ముడూ

తమ్ముడూ, ఇంగ్లండ్‌లో స్విండన్ వచ్చి రెండు నెలలైందనీ, కారు లేదనీ, స్టోన్‌హెంజ్ పాతరాళ్ళ వలయం ఎలా చూడాలనీ అడిగావు. చూద్దువుగానీ, అదెక్కడికీ పోదు. శనాదివారాలు గది దాటడం లేదని చివర్లో రాశావే, నా భయమంతా దాని గురించే.

నేను దిగింది నవంబరులో. సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. శుక్రవారం ఆఫీసు నుంచి వస్తే సోమవారం దాకా ఇంకో మనిషితో మాట లేదు. ఒక సోమవారం మీటింగులో మాట్లాడబోతే గొంతు పెగల్లేదు. ఫోన్లో అంతా బాగుందని చెబుతుంటే అమ్మ ఊరుకునేది, నమ్మి కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆఫీసు బూట్లతోనే బస్సెక్కి ఏవ్‌బరీ వెళ్ళాను. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి వలయం అదే, లోపల ఊరే ఉంది, రాళ్ళ మధ్య గొర్రెలు మేస్తుంటాయి. చుట్టూ ఉన్న కందకాన్ని నాలుగు వేల ఏళ్ళకు ముందే జింక కొమ్ములతో తవ్వారు. మాది పాలమూరు వైపు, ముడుమాలు నిలువురాళ్ళు చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఇక్కడి రాయి మీద చెయ్యి పెడితే చల్లగా, గరుగ్గా అచ్చం అలాగే తగిలింది, కాసేపు అక్కణ్ణుంచి కదల్లేకపోయాను.

తర్వాత సిల్‌బరీ దిబ్బ పక్కనుంచి (దాని మీదికి ఎక్కనివ్వరు) వెస్ట్ కెన్నెట్ సమాధి దాకా నడిచాను. సుద్దనేల, తడిస్తే సబ్బులా జారుతుంది, రెండుసార్లు పడ్డాను. పొలం గేటు తీసి అలాగే వదిలేస్తే, వెనకాల కుక్కతో వస్తున్న ఒక పెద్దావిడ గట్టిగా కేకేసింది. గేటు ఎలా ఉంటే అలాగే ఉంచాలి, గుర్తుపెట్టుకో. చివరి బస్సు పోయింది, ఫోన్ చచ్చిపోయింది. ఆవిడే కార్లో స్విండన్‌లో దింపింది. దారంతా నేనే మాట్లాడాను. అన్ని మాటలు లోపల ఉండిపోయాయని నాకే తెలియదు.

ఇప్పటి పిల్లలకు చేతిలో మ్యాపులున్నాయి, బస్సు టైములున్నాయి, అయినా బయటికి రారు. కారు కొనక ముందే నేను ఇక్కడి దారులన్నీ నేర్చుకున్నాను. రిడ్జ్‌వే అనే 87 మైళ్ళ కాలిబాట మొత్తం నాలుగు వేసవుల్లో ముక్కలు ముక్కలుగా నడిచాను.

స్టోన్‌హెంజ్‌కి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో, మామూలు వేళల్లో రాళ్ళ దగ్గరికి పోనివ్వరు. మిగతా రూల్సు, పార్కింగు సంగతులు వెబ్‌సైట్లో ఉంటాయి.

అంతకంటే ముఖ్యం, వేసవిలో అఫింగ్టన్ తెల్లగుర్రానికి (కొండవాలు మీద సుద్దతో వేసిన గుర్రం బొమ్మ) కొత్త సుద్ద వెయ్యడానికి, పాత చోట్లను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ వాలంటీర్లను పిలిస్తే పేరు ఇచ్చెయ్. 110 మీటర్ల గుర్రం అది, మూడు వేల ఏళ్ళ నాటిది, ఎప్పటికప్పుడు మనుషులు బాగుచేస్తూ వస్తేనే గడ్డి కమ్మకుండా నిలిచింది. వరసగా మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త సుద్ద పోసి సుత్తెతో దంచాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు పక్కనున్న పెద్దాయన నా సుత్తె పట్టు చూసి చెయ్యి సరిచేశాడు, తన ఫ్లాస్కులోంచి టీ పోశాడు, మీ ఊరేదని అడిగాడు. మధ్యాహ్నం దాకా మా ఊరి కబుర్లే చెప్పాను.