రెండు షీట్లు ఒకేసారి కనిపించాలంటే?

ప్రశ్న: మాది అంబాజీపేట. నాన్నగారి కొబ్బరి వ్యాపారం లెక్కలు ఎక్సెల్‌లో రాస్తున్నాను. ఒక షీట్‌లో రైతుల దగ్గర కొన్న కాయలు, ఇంకో షీట్‌లో వాళ్లకిచ్చిన డబ్బులు. అటూ ఇటూ మారుస్తుంటే లెక్క తప్పుతోంది, టెన్షన్‌గా ఉంది. రెండూ పక్కపక్కన చూడలేమా?
– ఒక పాఠకురాలు

జవాబు: చూడొచ్చమ్మా. మా బాబాయి కొట్లో లెక్కలు చూసిన రోజుల్లో నాదీ ఇదే అవస్థ. షీట్ మార్చి తిరిగొచ్చేసరికి ఎవరి బాకీ చూస్తున్నానో మర్చిపోయేవాణ్ణి.

పైన ‘వ్యూ’లో ‘న్యూ విండో’ నొక్కండి. అదే ఫైలు ఇంకో విండోలో తెరుచుకుంటుంది. తర్వాత ‘అరేంజ్ ఆల్’లో ‘వర్టికల్’ ఎంచుకుని, ‘విండోస్ ఆఫ్ యాక్టివ్ వర్క్‌బుక్’ దగ్గర టిక్ పెట్టి ఓకే చేయండి. ఎడమవైపు కొనుగోళ్లు, కుడివైపు చెల్లింపులు పెట్టుకోండి. ఇది రెండో కాపీ కాదు, ఎటు దిద్దినా ఒకే ఫైలు మారుతుంది. మూడో షీట్ కూడా కావాలంటే ఇంకో న్యూ విండో తీసి, మళ్లీ అరేంజ్ చేయండి.

రెండూ కలిసి కిందికి జరగాలంటే ‘వ్యూ సైడ్ బై సైడ్’, ‘సింక్రనస్ స్క్రోలింగ్’ ఆన్ చేయాలి. ఇక్కడే జాగ్రత్త. ఎక్సెల్ జరిపేది వరుసల్నే, రైతు పేర్లతో దానికి పనిలేదు. ఒక షీట్‌లో 14వ వరుసలో కొత్త రైతును చేర్చి, రెండో దాంట్లో మర్చిపోతే, అక్కణ్ణుంచి ఒకరి కాయల ఎదురుగా ఇంకొకరి డబ్బులు కనిపిస్తాయి. నేను అలాగే ఒక పెద్దాయనకు తక్కువ ఇచ్చి, మర్నాడు వాళ్లింటికెళ్లి మిగతాది ఇచ్చొచ్చాను. రెండు షీట్లలోనూ ప్రతి వరుస మొదటి గడిలో రైతు పేరు ఉంచండి. పేరు కలిశాకే అంకె చూడండి.