డాక్టర్ సలహా: మోకాళ్లలో గుజ్జు మళ్లీ పెరుగుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. నాట్లకు, పత్తి ఏరడానికి పోయేది. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. కింద కూర్చుంటే లేవలేకపోతోంది. ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందన్నారు. గుజ్జు పెరిగే గోలీలని ఒకాయన మూడు నెలల కోర్సుకు 18 వేలు చెబుతున్నాడు. కొనమంటారా? ఇదంతా ఇన్నేళ్లు తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా?

జవాబు: కొనకండి.

గుజ్జు అనగానే బండి ఇరుసుకు పూసే గ్రీజు గుర్తొస్తుంది. అయిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు అనిపిస్తుంది. గోలీలు అమ్మేవాళ్లకు ఆ పోలికే పెట్టుబడి. అసలు సంగతి వేరు. మటన్ కొట్టులో మేక కాలి కీలు విడదీసినప్పుడు ఎముక కొసన తెల్లగా మెరుస్తూ, వేలు పెడితే జారిపోయే పొర కనిపిస్తుంది చూడండి, మనం గుజ్జు అనేది దాన్నే, అసలు పేరు మృదులాస్థి. అందులో 65 నుంచి 80 శాతం నీళ్లే. కొల్లాజెన్ పోగుల వలలో ఇరుక్కున్న అగ్రికాన్ అనే పదార్థం ఆ నీటిని పట్టి ఉంచుతుంది. అడుగు వేస్తే కొంత నీరు బయటికి వస్తుంది, కాలెత్తితే మళ్లీ పీల్చుకుంటుంది. ఇంత పనిచేసే పొరకు రక్తనాళాలు లేవు. అందుకే చేతి మీద గాయం మానినట్టు ఇది మానదు.

ఒకసారి చెడిన మృదులాస్థి బాగుపడదని విలియం హంటర్ అనే వైద్యుడు లండన్‌లో 1743లోనే రాశాడు. 2016లో డెన్మార్క్ పరిశోధకులు దాన్ని ఇంకో దారిలో తేల్చారు. 1950, 60లలో అణుబాంబు పరీక్షలతో గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ జాడను మోకాలి పొరలో కొలిచారు. ఒంట్లో ఏది తయారైనా అప్పటి గాలిలోని కార్బన్ జాడ అందులో ఉంటుంది కాబట్టి, అది ఎప్పుడు తయారైందో దాన్నిబట్టి చెప్పొచ్చు. పెద్దయ్యాక అందులోని కొల్లాజెన్ దాదాపుగా కొత్తగా తయారు కాదని తేలింది.

శాస్త్రవేత్తలేమీ ఊరికే కూర్చోలేదు. అగ్రికాన్‌ను కొరికేసే ఒక ఎంజైమును తీసేస్తే ఎలుకల్లో అరుగుదల తగ్గుతుందని 2005లో తెలిసింది. ఆ ఎంజైమును ఆపే మాత్ర తయారవడానికి, మనుషుల మీద పరీక్షించడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. చివరికి మోకాళ్లలో అరుగుదల ఆగలేదు. ఈ రంగంలో ఒక్కో పరిశోధకుడి ఉద్యోగ జీవితమంతా ఇలాంటి ఒక్క ప్రశ్నకే సరిపోతుంది. స్వీడన్‌లో రోగి సొంత కణాలనే పెంచి మళ్లీ మోకాలిలో పెట్టి 1994లో ఫలితాలు ప్రకటించారు. అది దెబ్బ తగిలి ఒకచోట గుంత పడిన కుర్రవాళ్లకు పనికొచ్చే పద్ధతి, పొరంతా అరిగిన అమ్మగారికి కాదు. ఇక మీకు అమ్మజూపే గోలీల్లో ఎక్కువగా ఉండేది గ్లూకోసమైన్. 2006లో అమెరికాలో 1,583 మంది మీద పరీక్షిస్తే మొత్తంమీద ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా ఏమీ చేయలేదు.

అయితే ఒక మంచి సంగతి ఉంది. ఆ పొరకు నరాలు కూడా లేవు. నొప్పి వచ్చేది దాని కింది ఎముక నుంచి, కీలు లోపలి వాపు నుంచి. కాబట్టి గుజ్జు పెరగకపోయినా నొప్పి తగ్గించుకోవచ్చు. అమ్మగారిని మంచం మీద కాళ్లు చాపి కూర్చోమనండి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని మోకాలితో కిందికి అదిమి పది లెక్కపెట్టమనండి. తొడ ముందు కండరం రాయిలా బిగుసుకోవాలి, చెయ్యి వేసి చూడండి. ఒక్కో కాలికి పదేసి సార్లు, పొద్దున, సాయంత్రం. తేడా తెలియడానికి రెండు నెలలు పడుతుంది, పది రోజులకే మానేయొద్దు. బరువు ఎక్కువుంటే తగ్గించాలి. కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఆ 18 వేలలో కొంత పెట్టి కమోడ్ కుర్చీ కొనండి, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. నొప్పి గోలీలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి నెలల తరబడి వేయొద్దు, కిడ్నీలు పోతాయి. మోకాలిలో స్టెరాయిడ్ సూది కూడా మాటిమాటికీ వద్దు. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చిన వాళ్లలో పొర ఇంకా ఎక్కువ అరిగిందని 2017లో తేలింది.

ఫ్లోరైడ్ అనుమానం మన జిల్లాలో ఎవరికైనా వస్తుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. కానీ ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది. అమ్మగారికి అలా లేకుండా మోకాళ్లే నొప్పి అయితే మామూలు అరుగుదలే కావచ్చు. రెండూ కలిసి ఉండటం కూడా ఇక్కడ చూస్తుంటాం. ఇంట్లో ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంటే పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా అని అమ్మగారిని అడగండి. పడుకోబెట్టి తీస్తే అరుగుదల ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మళ్లీ తీయించేటప్పుడు ముంజేతికి కూడా ఒకటి తీయించండి. ఫ్లోరోసిస్ ఉంటే అక్కడి రెండెముకల మధ్య ముళ్లలా సున్నం కనబడుతుంది.