‘మీకే చెప్తా’ అన్నాడా, ‘మీకే ఇస్తా’ అన్నాడా?

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారి 1969 మోడల్ ఫియట్ 1100 డిలైట్ కారు ఆయన పోయాక అమ్మ, అక్క సంతకాలతో నా పేరు మీదికి మారింది. స్టీరింగ్ పక్కన గేరు ఉండే ఆ బండి మీదే నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను, అక్కని అత్తారింటికి పంపింది కూడా అందులోనే. 2023 నవంబరు 12న అమ్మ ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో పాత కార్లు సేకరించే ఒకతనికి రూ.1,60,000కి అమ్మేశాను. రూ.1,40,000 ఇచ్చాడు, మిగతా ఇరవై వేలు సంక్రాంతికి అన్నాడు, ఇప్పటికీ ఇవ్వలేదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఈ కారుపై నాకు ఎలాంటి హక్కూ లేదు’ అని రసీదు రాసిచ్చాను, ఆర్టీవో ఫారాల మీద ఖాళీగానే సంతకాలు పెట్టాను. ఆర్‌సీ ఇంకా నా పేరు మీదే ఉన్నట్టుంది. ‘అన్నా, ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ముందు మీకే చెప్తా’ అని అప్పుడే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. పోయిన నెల అదే కారుని అయిదున్నర లక్షలకి బేరం పెట్టాడని తెలిసి ఫోన్ చేస్తే ‘వేరేవాళ్లతో మాట అయిపోయింది’ అన్నాడు. మీకే ఇస్తానని మాటిచ్చి మోసం చేశాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆర్‌సీ నీ పేరే కదా, కారు పోయిందని కేసు పెట్టు అని మా బావమరిది అంటున్నాడు. స్పేర్ తాళం నా దగ్గరే ఉంది. ఆ మెసేజ్ ఉన్న పాత ఫోన్ డిస్‌ప్లే పోయింది, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నాను. కారు తిరిగి వచ్చే దారి ఉందా?

జవాబు: ముందు ఆ ఫోన్‌ని ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకండి. మీ ఉత్తరంలో మిగతా విషయాలన్నీ ఒక ఎత్తు, పగిలిన డిస్‌ప్లే ఉన్న ఆ ఫోన్ ఒక ఎత్తు. మీకు కేసంటూ ఏదైనా ఉంటే అది ఆ ఫోన్‌లోనే ఉంది.

నాన్నగారి కారు, అక్క పెళ్లి, అమ్మ ఆపరేషన్, ఇవేవీ అమ్మకాన్ని రద్దు చేయవు. తక్కువకి అమ్మేశానన్న బాధ కూడా అంతే. ఇష్టపూర్వకంగా చేసుకున్న ఒప్పందం ధర చాలలేదన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. అతను ఏదో అబద్ధం చెప్పి కొన్నాడని మీరు ఎక్కడా రాయలేదు. డబ్బు అవసరమై అమ్మారు, అతను కొన్నాడు.

ఇరవై వేలు బాకీ ఉంది కాబట్టి అమ్మకం పూర్తి కాలేదని కూడా అనుకోవద్దు, చాలామంది అలాగే అనుకుంటారు. ఫలానా కారు అని తేల్చుకుని, ఉన్నది ఉన్నట్టుగా బేరం కుదిరితే, డబ్బు తర్వాత ఇస్తామన్నా సరే హక్కు కొన్నవాడికి వెళ్లిపోతుంది, సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 20వ సెక్షన్ అదే చెబుతుంది. బాకీ కోసం సరుకుని ఆపుకునే హక్కు అమ్మినవాడికి ఉంటుంది కానీ, అది సరుకు తన చేతిలో ఉన్నంతసేపే. మీరు స్పేర్ తాళం ఒక్కటి ఉంచుకుని బండి అప్పజెప్పేశారు. ఇప్పుడు మీకున్నది డబ్బు అడిగే హక్కు మాత్రమే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఒకచోట అతని మెసేజ్ ‘ముందు మీకే చెప్తా’ అని రాశారు. రెండు వాక్యాల తర్వాత ‘మీకే ఇస్తానని మాటిచ్చి మోసం చేశాడు’ అన్నారు. ఈ రెండూ ఒకటి కాదు. చెప్తా అంటే కబురు చేస్తానని. ఇస్తా అంటే వేరేవాళ్లకి అమ్మకుండా మీకు అమ్ముతానని. మొదటిది మీరినందుకు కోర్టు కారు ఇప్పించడం చాలా కష్టం, మీకు చెప్పకపోవడం వల్ల ఏం నష్టం జరిగిందో చూపించమంటుంది. రెండోది అయితే అది అమలు చేయించుకోదగిన ఒప్పందమని గట్టిగా వాదించవచ్చు. మూడేళ్లుగా మనసులో తిప్పుకుంటూ ఉంటే మాటలు మనకి కావలసినట్టు మారిపోతాయి, అందులో మీ తప్పేమీ లేదు, కానీ జడ్జిగారు చదివేది మీ మనసుని కాదు, ఆ మెసేజ్‌ని. ముందూ వెనకా ఉన్న మెసేజ్‌లు కూడా కావాలి. ‘మళ్లీ నాకే అమ్మాలి, అలా అయితేనే బండి ఇస్తా’ అని మీరు అడిగితే అతను దానికి జవాబుగా ‘సరే అన్నా, ముందు మీకే చెప్తా’ అని ఉంటే, అప్పుడు ‘చెప్తా’ అన్న మాటకే ‘ఇస్తా’ అన్న అర్థం వస్తుంది.

రెండోది, ఆ మెసేజ్ ఎప్పుడు వచ్చింది? ‘అప్పుడే’ అని రాశారు. అప్పుడే అంటే ఎప్పుడు? డబ్బు, బండి చేతులు మారింది నవంబరు 12న. మెసేజ్ 11వ తేదీ రాత్రి వచ్చి ఉంటే, ఆ మాట నమ్మే మీరు బండి ఇచ్చారని, ఆ ధరకి ఒప్పుకున్నారని, అది బేరంలో భాగమని చెప్పవచ్చు. 13వ తేదీ పొద్దున, బండి హైదరాబాద్ చేరాక మీ బాధ చూడలేక పంపిన మెసేజ్ అయితే మాత్రం, ‘ఈ మాటకి ప్రతిఫలం ఏముంది, కారుకి ధర అప్పటికే మాట్లాడుకున్నారు కదా’ అని అవతలి లాయర్ అడుగుతాడు, దానికి మన దగ్గర గట్టి జవాబు ఉండదు. మెసేజ్ కింద చిన్న అక్షరాల్లో ఉండే ఆ టైమే మీ కేసుని నిలబెట్టాలి, లేదా పడగొట్టాలి.

అందుకే చెబుతున్నాను, మూడేళ్లలో ఆ చాట్‌ని ఒక్కసారైనా బ్యాకప్ చేయకపోవడం చాలా పెద్ద నిర్లక్ష్యం. పోయిందనుకుని ఏడుస్తున్న కారు గురించి ఉన్న ఒకే ఒక్క కాగితం లాంటిది అది, దాన్ని ఎక్స్‌చేంజ్‌లో రెండు వేలకి ఇచ్చేద్దామనుకున్నారు. ఈ రోజే డిస్‌ప్లే మార్పించండి. రిపేరు షాపులో ‘రీసెట్ చేస్తే బాగుంటుంది’ అంటే వద్దనండి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి. తెరుచుకున్నాక ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌లో దాచండి, కానీ ఫోన్‌ని మాత్రం అలాగే ఉంచండి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి కోర్టులో పెడితే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం పెట్టాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా రాయాలి. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఇదంతా సులువు.

మీ రసీదులో ‘ఎలాంటి హక్కూ లేదు’ అన్న మాటని అతను తప్పకుండా వాడుకుంటాడు. దానికి జవాబు ఉంది. కారు మీద నాకు హక్కు మిగిలి ఉందని మనం అనడం లేదు, కారు అతనిదే, అమ్మదలిస్తే నాకే అమ్ముతానని అతను విడిగా ఒప్పుకున్నాడు అంటున్నాం. రసీదు దాని గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి రెండూ కలిసి నిలబడతాయని వాదించవచ్చు.

ఇప్పుడు మీ బావమరిది సలహా. దయచేసి ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేయకండి. ఆర్‌సీ మీ పేరు మీద ఉన్నంత మాత్రాన కారు మీదైపోదు. మీరు రాసిచ్చిన రసీదు, మీ ఖాతాలో పడిన రూ.1,40,000, ఫారాల మీద మీ సంతకాలు, ఈ మూడూ అతను స్టేషన్‌లో బల్ల మీద పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. తెలిసి తెలిసి పోలీసులకి అబద్ధపు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు. మనిషి మీద తప్పుడు నేరం మోపడం 248వ సెక్షన్ కిందికి వస్తుంది, అది ఇంకా పెద్దది. స్పేర్ తాళంతో వెళ్లి బండి తెచ్చేసుకుంటే మీరే దొంగ అవుతారు, ఎందుకంటే దొంగతనం కేసులో ముందు చూసేది వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందని. ఇవన్నీ కాకపోయినా, అబద్ధం చెప్పిన మనిషికి తర్వాత సివిల్ కోర్టులో కారు ఇప్పించమని అడిగే ముఖం ఉండదు. ఉన్న ఒక్క మంచి కేసుని మీ చేతులతో మీరే పాడు చేసుకుంటారు. ఆ తాళం మీ దగ్గర ఉందని నోటీసులో మనమే రాసి, తిరిగి ఇవ్వడానికి సిద్ధమని చెబుదాం.

ఇంకో సంగతి, ఆర్‌సీ మీ పేరు మీద ఉండటం మీకు ఆయుధం కాదు, ప్రమాదం. వాహనం ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే యజమాని, యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం బాధ్యత అతనిదే అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. ఆ బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా మీకు తెలియదు. అమ్మిన సంగతి గడువులోపు (అదే రాష్ట్రంలో అయితే 14 రోజులు, వేరే రాష్ట్రానికి వెళ్తే 45 రోజులు) ఆర్టీవోకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాడిదేనని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. మీరు ఆ పని చేయకపోగా ఖాళీ ఫారాలు ఇచ్చారు. ఇప్పుడు అతను వాటిలో ఎవరి పేరైనా రాసుకుని బండి నేరుగా వాళ్లకి మార్చేయగలడు. కాబట్టి ముందు కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉందో చూడండి. మీ పేరే ఉంటే, ఫలానా తేదీన ఫలానా వ్యక్తికి అమ్మాను, ఖాళీ ఫారాలు అతని దగ్గర ఉన్నాయి అని నిజం నిజంగా రాసి ఆర్టీవోకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఆలస్యానికి రుసుం అడిగితే కట్టేయండి.

50 ఏళ్లు దాటిన కార్లకి 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. అతను అది తీసుకుని ఉంటే కూడా అక్కడే తెలుస్తుంది. అలాంటి నంబరున్న బండిని రోజువారీ పనులకి రోడ్డు మీద తిప్పకూడదు, ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, మరమ్మతులకీ, పెట్రోలు పోయించడానికే బయటికి తీయాలి. తిరిగి కొనేముందు ఇది తెలిసి ఉండాలి.

గడువు మాటకొస్తే, ఒప్పందాన్ని అమలు చేయించమని దావా వేయడానికి లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ మూడేళ్లు ఇస్తుంది. తేదీ ఏదీ పెట్టుకోలేదు కాబట్టి అతను కాదన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి, అంటే పోయిన నెల ఫోన్ నుంచి లెక్క. ఆ కాల్ తేదీ రాసి పెట్టుకోండి, బేరం పెట్టిన ప్రకటన ఉంటే తేదీతో సహా దాచండి. కానీ మూడేళ్లున్నాయి కదా అని కూర్చుంటే కారు దక్కదు. మీ ఒప్పందం సంగతి తెలియకుండా మంచి నమ్మకంతో డబ్బిచ్చి కొన్న మూడో మనిషికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ మూడో మనిషి డబ్బు కట్టేలోపు మీ నోటీసు అతనికి చేరాలి. మీకున్న అసలు గడువు అది, రోజుల్లో ఉంది.

బాకీ ఇరవై వేల లెక్క వేరు. సంక్రాంతికి ఇస్తానన్న మాట రుజువైతే 2027 జనవరి సంక్రాంతి దాకా టైముంది. రుజువు కాకపోతే బండి ఇచ్చిన రోజు నుంచి లెక్క, అంటే 2026 నవంబరు 12తో సరి. నవంబరు తేదీనే గడువనుకుని పని చేయండి.

ఈ వారంలోనే దగ్గర్లోని లాయర్ చేత కొన్నవాడికి స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. అవతలి కొనుగోలుదారు ఎవరో తెలిస్తే అతనికీ ఒక కాపీ పంపండి. అందులో మోసం, ద్రోహం లాంటి మాటలు వద్దు. మెసేజ్‌ని అక్షరం మార్చకుండా రాయండి, ‘అవతలివాళ్లు ఇస్తామన్న ధరే నేనూ ఇస్తాను’ అని రాయండి. అవును, ఆ ధరే. లక్షా అరవైకి తిరిగి రాదు. ధర మాట్లాడుకోనప్పుడు సమంజసమైన ధర ఇవ్వాలన్నది చట్టం, అతను మరమ్మతులకి పెట్టిన ఖర్చూ అందులోకి వస్తుంది. డబ్బు కట్టడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షన్ కింద మీరే రుజువు చేయాలి, కాబట్టి అయిదున్నర లక్షలు ఖాతాలో ఉన్నట్టో, లోను మంజూరైనట్టో కాగితం చూపగలిగితేనే నోటీసు పంపండి. చూపలేకపోతే ఆ ఇరవై వేలు వసూలు చేసుకుని, ఆర్‌సీ మార్పించుకుని ఊరుకోవడం మంచిది.

జవాబు రాకపోయినా, కాదన్నా, బండి అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (ఆపమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) కోరుతూ దావా వేయాలి. బేరం, అప్పగింత తెనాలిలో జరిగి ఉంటే అక్కడి కోర్టులోనే వేయవచ్చు. మీరు చెప్పిన జ్ఞాపకాలకి ఇక్కడ పని ఉంటుంది. డబ్బు ఇస్తే సరిపోదా, ఈ కారే ఎందుకు అని అడిగినప్పుడు, నాన్నగారు బండి పక్కన నిలబడిన ఫోటో, అక్క పెళ్లి ఫోటోల్లో ఆ కారు, ఆయన పేరు మీదున్న పాత మెకానిక్ బిల్లులు చూపిస్తే ఇది మార్కెట్లో దొరికే ఇంకో ఫియట్ కాదని అర్థమవుతుంది. అక్కనడిగి ఆ ఆల్బమ్ తెప్పించండి.

ఫోన్ తెరుచుకున్నాక ఆ మెసేజ్, దానికి ముందు పది, తర్వాత పది మెసేజ్‌లు, టైముతో సహా ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి. అందులో ఒట్టి ‘చెప్తా’ మాత్రమే ఉండి, అదీ 12వ తేదీ తర్వాతదైతే దావా మీద డబ్బు పెట్టకండి, అతనికి నేరుగా ఫోన్ చేసి అవతలివాళ్ల ధరకి పది వేలు ఎక్కువ ఇస్తానని చెప్పి చూడండి.