శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం వికీపీడియా వ్యాసంలో రెండు విస్తీర్ణాలు: ఏది ఉంచాలి?

ఒక పేరాలో 353, ఇంకో పేరాలో 4,755 చదరపు కిలోమీటర్లు ఉన్నాయి, ఏది తీసేయాలని అడిగారు. రెండూ సరైన అంకెలేనండీ, కాకపోతే రెండూ ఒకదాని గురించి కావు. 1989లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనం 353 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. రెండోది 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతానిది (బయోస్ఫియర్ రిజర్వ్). కాబట్టి వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెలో మొదటి అంకె మాత్రమే ఉంచండి. రెండోదాన్ని కొట్టేయకుండా, అది దేనిదో చెబుతూ విడి వాక్యంగా రాయండి.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్పాలి. పక్షుల జాబితాలో కలివికోడిని చేర్చారు. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర. దానికోసం ఏర్పడింది శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం. అది వేరే అడవి. అంత అరుదైన పక్షి ఉనికిని తప్పుగా రాస్తే పిల్లల పాఠాల దాకా పాకుతుంది, దయచేసి ముందు దాన్ని తీసేయండి. తలకోన, ఎర్రచందనం, బంగారు బల్లి ఉండనివ్వండి.

ఉద్యానవనం ఏ జిల్లాల్లో ఉందో చెప్పే వాక్యం 2022 ఏప్రిల్ జిల్లాల పునర్విభజనకు ముందుది. తిరుపతి జిల్లా అందులో లేనే లేదు. ఏ నాటి సరిహద్దులో సంవత్సరంతో సహా రాయండి.

మూలంగా అటవీశాఖ పత్రాన్నే ఇవ్వండి. వార్తాకథనాలు కొన్ని ఈ వ్యాసాన్నే చూసి రాసినవి కావచ్చు, ముందు వాటి తేదీలు చూడండి. మార్చాక వ్యాసపు చర్చాపేజీలో కారణం రాసిపెడితే, మీ మార్పును ఎవరైనా మళ్లీ వెనక్కి తిప్పే అవకాశం తగ్గుతుంది.